పెళ్ళిపందిరికి బీమా చేయించారా?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. నెల్లూరు పక్కనే ఉన్న కోవూరు నుంచి ఒక సోదరి రాశారు. పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. ఆవిడా, వాళ్ళాయనా కలిసి షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిచ్చే సప్లయర్స్ దుకాణం నడుపుతున్నారట. నాలుగైదు వందల మందికి భోజనాల ఆర్డర్లు కూడా పట్టుకుంటారట. "మా ఆయన పందిరి చూసుకుంటాడు, నేను పొయ్యి చూసుకుంటా" అని ఎంత చక్కగా రాశారో!

కానీ ఆ తర్వాత రాసిందే మనసును కలచివేసింది. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్ళన్నీ సోమశిలకు, అక్కడి నుంచి నెల్లూరు మీదికి వచ్చి పడ్డాయి. కోవూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలుపట్టాల కింద మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. జాతీయ రహదారికే గండి పడింది. రోడ్డూ రైలూ రెండూ నిలిచిపోయిన చోట ఒక షామియానా గోడౌను సంగతి చెప్పేదేముంది? గుడ్డలన్నీ బురదలో నానిపోయాయట. ప్లైవుడ్డు స్టేజీ బల్లలు ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయాయట. జనరేటరు మునిగిపోయిందట.

"బ్యాంకువాళ్ళు ఏటా మా లోను ఖాతాలోంచి ఇన్సూరెన్సు డబ్బు పట్టుకుంటానే ఉండారు. తీరా అడగబోతే పాలసీలో రాసిన అడ్రసు మా పాత అంగడిది, గోడౌను దాంట్లో లేదు అన్నారు. నా గాజులు తాకట్టు పెట్టి మళ్ళీ సామాను కొన్నాం. ఇప్పుడు ఇన్సూరెన్సు మాటెత్తితే మా ఆయన 'ఏట్లో పోసినట్టే' అంటా ఉండాడు. కట్టాల్నా వద్దా, మీరే చెప్పండక్కా" అని ఉత్తరం ముగించారు.

అమ్మా, కట్టాలి. కాకపోతే ఈసారి కాగితం చదివి కట్టాలి. ఇది కోవూరు సోదరికి చెప్తున్నా, సప్లయర్స్, క్యాటరింగు, పూలడెకరేషను, మండపం, మైకుసెట్టు, వీడియో వంటి పనుల్లో ఉన్న అందరికీ పనికొస్తుంది. ఇంట్లో పెళ్ళి పెట్టుకున్న వాళ్ళకు కూడా చివర్లో కొంత ఉంది. పెళ్ళిళ్ళు చేయించడం ఇవాళ పెద్ద వ్యాపారమే. "ఈవెంట్స్" అని ఇంగ్లీషు పేరు పెట్టినా, "పందిరోళ్ళు" అని పిలిచినా పని అదే. నెల్లూరు జిల్లాలో ఆడవాళ్ళు డబ్బులు కూడబెట్టి ఏదో ఒకటి చేసుకోవడం కొత్తేమీ కాదు. 1992లో దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత పొదుపు సంఘాలు పుట్టింది ఆ జిల్లాలోనే కదా. ఆ సంఘాల అప్పుతో పాత్రలు కొని అద్దెకిస్తున్న అక్కచెల్లెళ్ళు ఎందరో.

ముందు ఆ అడ్రసు సంగతి చూద్దాం. అగ్నిప్రమాదాలకూ, తుఫానుకూ, వరదకూ మనం తీసుకునే పాలసీ "వస్తువుకు" అని అనుకుంటాం. నిజానికి అది "ఫలానా చోట ఉన్న వస్తువుకు". డోరు నంబరు, వీధి, ఊరు అన్నీ అందులో రాసి ఉంటాయి. ఆ గోడల మధ్య ఉన్నంతవరకే రక్షణ. మీరు దుకాణం మార్చి, గోడౌను మార్చి, ఆ సంగతి కంపెనీకి కాగితం మీద తెలియజేసి మార్పు రాయించుకోకపోతే పాత అడ్రసే చెల్లుతుంది. బ్యాంకు కట్టించిన పాలసీల్లో ఈ తంటా మరీ ఎక్కువ. బ్యాంకు తన అప్పు తనకు వస్తే చాలని చూసుకుంటుంది. పాలసీ కాగితం వాళ్ళ ఫైల్లోనే ఉండిపోతుంది. మనం ప్రీమియం కడతాం, కాగితం మాత్రం చూడం! అందుకని రేపే బ్యాంకుకు వెళ్ళి "మా పాలసీ నకలు ఇప్పించండి" అని అడగండి. అది మీ హక్కు, మొహమాటం అక్కర్లేదు. అడ్రసు, ఏయే సామాను, ఎంత విలువ, ఏ తేదీ వరకు, వరద తుఫాను అందులో ఉన్నాయా, ఇవన్నీ చూసుకోండి. తెలియకపోతే ఇంట్లో చదువుకున్న పిల్లల చేత చదివించుకోండి.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. కిరాణా కొట్టు సామాను కొట్లోనే ఉంటుంది. సప్లయర్స్ సామాను అలా కాదే! ముహూర్తాల రోజుల్లో గోడౌను ఖాళీ. షామియానాలు ఒక ఊళ్ళో, గుండిగలు ఇంకో ఊళ్ళో, కుర్చీలు మూడో ఊళ్ళో. అంటే సామాను సంపాదించి పెట్టే రోజున దానికి రక్షణ ఉండదు, ఊరికే పడి ఉన్న రోజున ఉంటుంది. ఎంత విడ్డూరమో చూడండి! దీనికి మందు లేకపోలేదు. తీసుకెళ్ళి తెచ్చే దారిలో జరిగే నష్టానికి వేరే పాలసీ ఉంటుంది. మైకులు, లైట్లు, కెమెరాలు, జనరేటరు లాంటి చోటు మారే వాటికి "ఆల్ రిస్క్" అనే పాలసీ ఉంటుంది. ఏజెంటు వచ్చినప్పుడు "మా సామాను నెలలో సగం రోజులు బయటే ఉంటుంది, బయట ఉన్నప్పుడు పోతే ఇస్తారా?" అని సూటిగా అడగండి. "ఆఁ, అన్నీ ఉంటాయమ్మా" అంటే ఒప్పుకోవద్దు. ఏ పేజీలో ఉందో చూపించమనండి. ఆరుబయట గుంజల మీద నిలబెట్టిన షామియానా గాలికి చిరిగితే వర్తిస్తుందా లేదా అన్నది కూడా విడిగా అడగాల్సిన ప్రశ్నే. కోస్తావాళ్ళం, మనకు గాలి సంగతి వేరే చెప్పాలా! 1989 నవంబరులో తుఫాను కావలి దగ్గర తీరం దాటింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినా, అంతకుముందు నెల్లూరు తీరాన్నంతా తడిపి ఈడ్చి కొట్టింది. మన పెళ్ళిళ్ళు చూస్తే కార్తీకం, మార్గశిరాల్లో కూడా ఉంటాయి. తుఫానులకూ అవే నెలలు.

ఇంకొకటి. తుఫాను హెచ్చరిక టీవీలో వచ్చాక ఇన్సూరెన్సు ఆఫీసుకు పరిగెత్తి లాభం లేదు. 1938 నాటి బీమా చట్టం ప్రకారం ప్రీమియం డబ్బు ముందుగా కంపెనీకి చేరాలి, అప్పుడే రక్షణ మొదలవుతుంది. చెక్కు ఇచ్చి అది తిరిగొచ్చిందంటే పాలసీ లేనట్టే లెక్క.

ఇక విలువ. చాలామంది ప్రీమియం తగ్గుతుందని విలువ తక్కువ వేయిస్తారు. ఏజెంటు కూడా "ఎందుకమ్మా ఎక్కువ, నాలుగు లక్షలకు వేద్దాం" అంటాడు. దాని ఫలితం ఏమిటో ఒక చిన్న లెక్కలో చూడండి. మీ గోడౌనులో ఎనిమిది లక్షల సామాను ఉంది. నాలుగు లక్షలకే బీమా చేశారు. వరదలో రెండు లక్షల సామాను పోయింది. నాలుగు లక్షల పాలసీ ఉందిగా, రెండు లక్షలు చేతికొస్తాయి అనుకుంటారు. రావు! సగం విలువకే బీమా చేశారు కాబట్టి నష్టంలోనూ సగమే, అంటే లక్ష రూపాయలే ఇస్తారు. మిగతా సగానికి మీరే బీమా కంపెనీ అన్నమాట. చిన్న వ్యాపారాల కోసం 2021 ఏప్రిల్ 1 నుంచి "భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష" అని ఒక పాలసీ వచ్చింది. ఒక చోట ఉన్న మొత్తం ఆస్తి విలువ 5 కోట్ల రూపాయల లోపు ఉన్న వాళ్ళకు అది. అన్ని కంపెనీలూ ఒకే రకం షరతులతో అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ నిర్ణయించింది. అగ్నిప్రమాదంతో పాటు తుఫాను, వరద, భూకంపం కూడా అందులో ఉంటాయి. విలువ తక్కువ వేసినా ఆ తేడా నూటికి 15 లోపు ఉంటే పట్టించుకోరు. అంతకు మించితే మాత్రం పైన చెప్పిన లెక్క మొదలు. ఏటా కొత్త సామాను కొంటున్నారు కదా, రెన్యూవలు రోజున పాత అంకెనే మళ్ళీ వేయించకుండా ఒక పూట కూర్చుని అన్నీ లెక్కేయండి. ఎన్ని షామియానాలు, ఎన్ని కుర్చీలు, ఎన్ని రాగి గుండిగలు, ఎన్ని ఇత్తడి గంగాళాలు, ఎన్ని స్టీలు బకెట్లు. బిల్లులన్నీ ఒక కవర్లో పెట్టి, ఆ కవరు గోడౌనులో కాకుండా ఇంట్లో మేడమీదో, పుట్టింట్లోనో ఉంచండి. గోడౌను మునిగితే బిల్లులూ మునుగుతాయిగా! సెల్‌ఫోనులో ఫోటోలు తీసి మీ అమ్మాయికో తమ్ముడికో పంపి ఉంచితే ఇంకా మంచిది.

సామాను పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు. మనిషి పోతే? ఇక్కడే నాకు ఎక్కువ భయం.

1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలీలో ఒక స్కూలు వార్షికోత్సవం జరుగుతోంది. కళ్యాణమండపం ఆవరణలో షామియానా వేశారు. సింథటిక్ గుడ్డ. మంట అంటుకుంది. నైలాను గుడ్డ కాలితే ఎలా ఉంటుందో మీకు తెలుసు, కరిగి బొట్లు బొట్లుగా మీద పడుతుంది. బయటికి వెళ్ళే దారి చాలలేదు. నాలుగు వందల మందికి పైగా పోయారు, అందులో పసిపిల్లలే ఎక్కువ. పరిహారం కోసం ఆ తల్లులు ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. 2009లో గానీ పంజాబ్ హర్యానా హైకోర్టు స్కూలు యాజమాన్యాన్నీ ప్రభుత్వాన్నీ బాధ్యులను చేసి పరిహారం ఇమ్మనలేదు. మరీ దూరం అనుకుంటే మన పొరుగున శ్రీరంగంలో 2004 జనవరి 23న ఏమైందో గుర్తు చేసుకోండి. పెళ్ళిమండపం మీద తాత్కాలికంగా ఆకులపందిరి వేశారు. వీడియో లైటు వైర్ల దగ్గర నిప్పురవ్వ లేచి పందిరి అంటుకుంది. పెళ్ళికొడుకుతో సహా 50 మందికి పైగా చనిపోయారు. తలంబ్రాలు పోయాల్సిన వేళ!

అలాంటిది జరిగితే బాధ్యులెవరు? మండపం వాళ్ళా, పందిరి వేసినవాళ్ళా, వీడియో వాళ్ళా? కోర్టులో అందరి పేర్లూ ఉంటాయి. ఇలా బయటివాళ్ళకు హాని కలిగినప్పుడు మన తరఫున పరిహారం కట్టేదే "పబ్లిక్ లయబిలిటీ" పాలసీ. ఒక ప్రమాదానికి ఇంత, మొత్తం ఏడాదికి ఇంత అని రెండు పరిమితులు ఉంటాయి. రెండూ చూసుకోవాలి. కోర్టు ఖర్చులు కూడా అందులో వస్తాయా అని అడగాలి. మన సప్లయర్స్‌లో ఎక్కువమందికి ఈ పాలసీ ఉందన్న సంగతే తెలియదు.

తెలిసినవాళ్ళు ఎలా చేస్తారో చూడండి. ముంబైలో మాతుంగా దగ్గర జి.ఎస్.బి. సేవా మండలి వాళ్ళు వినాయకచవితికి పెద్ద పందిరి వేస్తారు. 2025లో వాళ్ళు చేయించిన బీమా 474 కోట్ల 46 లక్షల రూపాయలు! స్వామివారి నగలకు అనుకుంటాం కదూ? నగలకు 67 కోట్ల చిల్లరే. అన్నిటికంటే పెద్ద మొత్తం, 375 కోట్లు, మనుషుల ప్రమాద బీమాకు. పూజారులకు, వాలంటీర్లకు, వంటవాళ్ళకు, చెప్పులు కాపలా కాసేవాళ్ళకు, సెక్యూరిటీ వాళ్ళకు. భక్తులకేమన్నా అయితే అని 30 కోట్ల పబ్లిక్ లయబిలిటీ. మన వీధి వినాయకుడికి అంత అక్కర్లేదు, నిజమే. కానీ వంటవాడినీ చెప్పులవాడినీ మర్చిపోని ఆ పద్ధతి నాకు నచ్చింది.

మన దగ్గర గుంజలు పాతే కుర్రాళ్ళ పరిస్థితి ఏమిటి? ఇనుప గొట్టం పైకెత్తితే పైన కరెంటు తీగ. ఏటా ఎక్కడో ఒకచోట ఇలాంటి వార్త చదువుతూనే ఉంటాం. పనిలో ఉండగా కూలీకి ప్రమాదం జరిగితే యజమాని పరిహారం ఇచ్చి తీరాలని 1923లోనే చట్టం వచ్చింది. ఇప్పుడది 2025 నవంబరు 21 నుంచి అమలుకు వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. "వాడు రోజుకూలీ, మా మనిషి కాదు" అంటే చెల్లుతుందని ధైర్యపడొద్దు. దీనికోసం కూలీల పరిహార బీమా ఉంది. సీజనులో మీ దగ్గర సుమారు ఎంతమంది పనిచేస్తారు, ఎంత కూలి ఇస్తారు అన్న లెక్క మీద ఇస్తారు. గుంజలెక్కే పని, పొయ్యి దగ్గర పని అని ఉన్నదున్నట్టు రాయించండి. "హెల్పర్లు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే రేపు పేచీ వస్తుంది.

దీనితో పాటు మీ దగ్గర పనిచేసే ప్రతి మనిషి చేతా బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టించండి. ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్ళ లోపు, బ్యాంకు ఖాతా ఉంటే చాలు. ప్రమాదంలో చనిపోతే ఇంటివాళ్ళకు 2 లక్షలు వస్తాయి. ఒక మూర మల్లెపూల ఖర్చు! వంటకు వచ్చే ఆడవాళ్ళలో చాలామందికి ఖాతా ఉంటుంది గానీ ఇది కట్టారో లేదో తెలియదు. ఏటా జూన్ 1న మళ్ళీ మొదలవుతుంది, అప్పటికి ఖాతాలో ఆ 20 రూపాయలు లేకపోతే ఆగిపోతుంది. అయితే ఇది ఉంది కదా అని యజమాని బాధ్యత తీరిపోదు సుమా.

బండి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చిన్న లారీలో గుండిగలు, వాటి మీద షామియానా మూటలు, ఆ మూటల మీద వంటవాళ్ళు, వాళ్ళ మీద పిల్లలు! మన రోడ్ల మీద రోజూ కనిపించే దృశ్యమే. సామాన్ల బండిలో ఊరికే ఎక్కి కూర్చున్న మనిషికి ఏమన్నా అయితే ఇన్సూరెన్సు కంపెనీ కట్టక్కర్లేదని సుప్రీంకోర్టు 2002లో ఆశారాణి కేసులో తేల్చేసింది. మీ సొంత పనివాళ్ళ సంగతి కొంత వేరు, కానీ "మా వదిన కూడా వస్తుంది, ఎక్కించుకో అన్నా" అంటే ఆ వదినగారి భారం బండి యజమానిదే. ఆటోకిచ్చే రెండు వందలు మిగులుతాయని ఆ పని చేయకండి.

ఇక పొయ్యి దగ్గరికొద్దాం, మన రాజ్యం కదా! ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండరు పెళ్ళివంటకు వాడకూడదు. 19 కిలోల కమర్షియలు సిలిండరే వాడాలి. ఖరీదు ఎక్కువని చాలామంది ఇంటి సిలిండర్లే నాలుగు పోగేస్తారు. వంటగ్యాసు ప్రమాదాలకు ఆయిలు కంపెనీలు తీసుకునే బీమా ఒకటి ఉంది, అందులో ఆస్తినష్టం కనెక్షను రిజిస్టరైన ఇంటికే వర్తిస్తుంది. పైగా చట్టవిరుద్ధంగా సిలిండరు వాడారని తెలిస్తే మీ సొంత పాలసీకీ పేచీ పెట్టే అవకాశం చేతులారా ఇచ్చినట్టే. కరెంటు కొక్కేలు తగిలించడం కూడా అంతే. పందిరి లైట్లకు కరెంటు ఆఫీసులో తాత్కాలిక కనెక్షను అడిగితే ఇస్తారు. ఆ రసీదు దాచుకోండి.

తిండి వల్ల వచ్చే ప్రమాదం అన్నిటికంటే మెల్లగా వచ్చి గట్టిగా కొడుతుంది. నాలుగు వందల మంది తిన్న పెరుగన్నంలో తేడా వస్తే? పొద్దున చేసిన చేపలపులుసు సాయంత్రం దాకా ఎండలో ఉంటే? 2006 నాటి ఆహార భద్రతా చట్టంలో 65వ సెక్షను అని ఉంది. తిండి వల్ల మనిషి చనిపోతే 5 లక్షలకు తగ్గకుండా, తీవ్రంగా జబ్బుపడితే 3 లక్షల దాకా, మామూలు హాని అయితే లక్ష దాకా పరిహారం ఇమ్మని ఆదేశించవచ్చు. ఇది ఒక్కొక్కరికి! పది మంది ఆసుపత్రిలో చేరితే లెక్క వేసుకోండి. పబ్లిక్ లయబిలిటీ పాలసీలో తిండీ పానీయాల వల్ల వచ్చే హానిని విడిగా చేర్పించుకోవాలి, దానంతటది రాకపోవచ్చు. ఆహార భద్రతా సంస్థ దగ్గర నమోదు కూడా చేయించుకోవాలి, అది లేకుండా వ్యాపారం చేయడమే నేరం. కోవూరు సోదరీ, మీరు పొయ్యి చూసుకుంటున్నారు కాబట్టి ఈ పేరా మీకే.

పెళ్ళి చేసేవాళ్ళకు కూడా బీమా ఉంది తెలుసా? మన దేశంలో కొన్ని జనరల్ ఇన్సూరెన్సు కంపెనీలు పెళ్ళిబీమా అమ్ముతున్నాయి. మండపం కాలిపోయినా, వరదకు మునిగినా, దగ్గరి మనిషికి ప్రమాదం జరిగినా పెళ్ళి ఆగిపోతే అప్పటిదాకా కట్టిన అడ్వాన్సులు, శుభలేఖల ఖర్చు లాంటివి ఇస్తారు. కానీ పెళ్ళికొడుకు మనసు మార్చుకున్నా, కట్నం దగ్గర మాటా మాటా వచ్చినా పైసా రాదు. రాకపోవడమే మంచిదిలెండి! కరోనా రోజులు గుర్తున్నాయిగా. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చింది, ఆ తర్వాత పెళ్ళికి 50 మందే అన్నారు. అడ్వాన్సులు తిరిగిమ్మని ఒకరు, సామాన్లు కొనేశామని ఒకరు, బంధువుల మధ్యే తగవులు. అంటువ్యాధి అన్న మాట పాలసీలో లేకపోవడం వల్ల బీమా ఉన్నవాళ్ళలోనూ చాలామందికి ఏమీ రాలేదు. లండనులో వింబుల్డన్ టెన్నిసు పోటీలు నడిపే క్లబ్బువాళ్ళు మాత్రం 2003లో సార్స్ వచ్చినప్పటి నుంచీ అంటువ్యాధికి కూడా బీమా కడుతూ వచ్చారట. పదిహేడేళ్ళు వృథాగా కట్టారని ఎంతమంది నవ్వుకుని ఉంటారో! 2020లో పోటీలు రద్దయితే వాళ్ళకు పది కోట్ల పౌండ్లకు పైనే వచ్చిందని పత్రికలన్నీ రాశాయి.

మనకు అంత అక్కర్లేదు. కానీ అడ్వాన్సు రసీదు వెనకాల రెండు వాక్యాలు రాయించుకోవడానికి ఖర్చేమీ లేదు. తుఫాను వల్లో ప్రభుత్వ ఉత్తర్వు వల్లో పెళ్ళి ఆగితే ఎంత తిరిగిస్తారు, తేదీ మారిస్తే అదే డబ్బు చెల్లుతుందా. పెళ్ళివారికీ, పందిరివారికీ ఇద్దరికీ అదే మేలు. మండపం మాట్లాడుకునేటప్పుడు "బయటికి వెళ్ళే దారులు ఎన్ని? తాళాలు వేసి ఉంచుతారా? మీకు లయబిలిటీ పాలసీ ఉందా?" అని అడగడానికి సిగ్గుపడకండి. ఏసీ ఎన్ని టన్నులో అడుగుతాం, ఇది అడగమా? పెళ్ళికి పెట్టుకెళ్ళే నగల సంగతి కూడా అంతే. ఇంటి బీమా ఇంట్లో ఉన్న నగలకే, విడిది గదిలో ఉన్నవాటికి విడిగా రాయించాలి.

నష్టం జరిగితే ఏం చేయాలో చెప్పి ముగిస్తాను. ముందు కంపెనీకి అదే రోజు ఫోను చేసి, ఆ తర్వాత కాగితం మీదా తెలియజేయండి. దొంగతనమైతే పోలీసు రిపోర్టు, మంటలైతే ఫైరు ఆఫీసు రిపోర్టు తీసుకోండి. సర్వేయరు వచ్చి చూసేదాకా పాడైన సామాను పారేయకండి. ఆడవాళ్ళం కదా, ఇల్లు బురదగా ఉంటే చేతులు ఊరుకోవు, కడిగేస్తాం! ముందు అన్నివైపుల నుంచీ ఫోటోలు తీసి, సర్వేయరుకు కబురు పెట్టి, ఆ తర్వాతే కడగండి. షామియానా గుడ్డలు బురదలో తడిస్తే నీళ్ళలో నానబెట్టవద్దు. నీడపట్టున ఆరేసి, ఎండిన మట్టిని బ్రష్షుతో దులిపి, తర్వాత చన్నీళ్ళతో జాడించి ఎండలో ఆరబెట్టండి. తడిగా మడతపెడితే బూజుపట్టి మచ్చలు పోవు. ఇంతవరకు తడవని సామాను పైకి చేర్చడం మీ బాధ్యతే, అది చేయకపోతే "అజాగ్రత్త" అంటారు.

కంపెనీ కాదంటే కాదన్న కారణం రాతపూర్వకంగా అడగండి. నోటిమాట పనికిరాదు. వాళ్ళ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాదులోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళవచ్చు. ఏడాది లోపు వెళ్ళాలి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, తెల్లకాగితం మీద రాస్తే చాలు. ఒక మనిషి పేరున నడిచే చిన్న వ్యాపారాలను కూడా తీసుకుంటారు. 50 లక్షల దాకా ఇప్పించే అధికారం ఉంది. బీమా నియంత్రణ సంస్థ ఫిర్యాదుల నంబరు 155255, దానికి ఫోను చేసినా దారి చెప్తారు. వినియోగదారుల కమిషనుకు వెళ్ళడానికైతే రెండేళ్ళ గడువు.

అందువల్ల కోవూరు సోదరీ, 2021 నాటి మీ క్లెయిముకు ఆ గడువులన్నీ దాటిపోయాయి. ఆ డబ్బు వస్తుందని ఆశ పెట్టలేను. కానీ మీ లోను ఇంకా నడుస్తోందన్నారు, అంటే బ్యాంకు ఇప్పటికీ ఏటా ప్రీమియం పట్టుకుంటూనే ఉందన్నమాట. ఆ పాలసీలో ఇప్పటికీ పాత అంగడి అడ్రసే ఉందేమో సోమవారం వెళ్ళి చూడండి. మీ ఆయన్ని కూడా వెంట తీసుకెళ్ళండి. ఉంటే అక్కడే కూర్చుని కొత్త గోడౌను అడ్రసు రాయించి, మార్చినట్టు ముద్ర వేసిన కాగితం చేతికి తీసుకునే బయటికి రండి.